జలాంతర్గామి నావికుడు, మా బావ దేవదానం

మా పెద్దక్క సుగుణ భర్త, మా బావ దేవదానం, పోయిన నెల ఒక ఆదివారం ఉదయం హనుమకొండ సుబేదారిలోని తన ఇంట్లో హఠాత్తుగా కన్నుమూశాడు. ప్రార్థనకు బయలుదేరుతూ చెప్పులు తొడుక్కోవడానికి మెట్టు మీద కూర్చున్న మనిషి మళ్ళీ లేవలేదు. పరకాలలో మా ఇంటి పక్కనున్న కిరాణా దుకాణానికి ఫోను వచ్చింది. దుకాణదారు వచ్చి, "సారూ, మీ బావకు జర బాగలేదట, జల్ది రమ్మన్నరు" అన్నాడు. బస్సులో ఉన్నంతసేపూ ఆయనను ఏ దవాఖానలో చేర్చి ఉంటారా అనే ఆలోచిస్తూ వచ్చాను. వీధి మొదట్లో జనాన్నీ, ఇంటి ముందు వేసిన బెంచీలనూ చూశాకే సంగతి అర్థమైంది. ఏభై దాటీ దాటని ఆ దృఢకాయుడు ఇక లేడన్న సత్యాన్ని నా మనస్సు ఇప్పటికీ పూర్తిగా అంగీకరించలేదు.

బావ డోర్నకల్‌లో పుట్టాడు. తండ్రి రైలింజన్ల షెడ్డులో కార్మికుడు. బొగ్గు పొగ, ఆవిరి చప్పుళ్ళ మధ్య పెరిగిన కొడుకు సహజంగానే యంత్రాల మీద మక్కువ పెంచుకున్నాడు. కానీ పద్దెనిమిదేళ్ళు నిండగానే నౌకాదళంలో చేరతానన్నాడు. "రైల్ల నౌకరి చెయ్యిరా, గీడ పట్టాలన్న ఉంటయ్. సముద్రంల ఏముంటయి?" అని తండ్రి ఎంత చెప్పినా వినలేదు. ఇంజన్ మెకానిక్కుగా మొదలై, జలాంతర్గాములకు ఎంపికై, రష్యాలో శిక్షణ పొంది విశాఖపట్నం చేరాడు. వరంగల్లు జిల్లా నుంచి ఆ కొలువులోకి వెళ్ళినవాడిని నేను మరొకరిని ఎరుగను.

ఆ ఉద్యోగంలో ఉన్నవారి ఇంటి ఇల్లాలికి భర్త ఎక్కడున్నదీ తెలియదు. బంగ్లాదేశ్ యుద్ధం వచ్చిన చలికాలంలో మా సుగుణక్క తొలి కాన్పుకు మా ఇంట్లో ఉంది. బావ నుంచి ఒక్క కబురూ లేదు. అమ్మ రేడియో ముందు నుంచి కదిలేది కాదు. ఆడపిల్ల పుట్టింది. యుద్ధం ముగిసింది. అయినా మనిషి జాడ లేదు. చివరికి ఒక మధ్యాహ్నం, గడ్డం పెరిగి, రంగు తేలి, ఒక సంచీతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బిడ్డను ఎత్తుకోబోతే పసిది ముఖం తిప్పుకుని ఏడ్చింది. అమ్మ కూడా ముక్కు చిట్లించి, "నీళ్ళల్ల ఉండేటోనివి, ఒంటికి గీ నూనె వాసనేంది బిడ్డా?" అంది. ఆయన పెద్దగా నవ్వాడు. "గదే అత్తమ్మా మా అత్తరు. ఎన్ని తానాలు చేసినా పోదు."

ఎక్కడెక్కడ తిరిగారో, ఏం చేశారో ఆనాడూ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. బలవంతం చేస్తే, "నాది ఇంజన్ల గది. ఇంజన్ నడిచిందా లేదా అన్నదే నాకెరుక" అని మాట తప్పించేవాడు.

ఒక్కసారి మాత్రం అక్క, "లోపల భయం కాదా?" అని అడిగినప్పుడు కొంచెం విప్పి చెప్పాడు. జలాంతర్గామి నీటి పైకి ఒక గొట్టం ఎత్తి, దానిగుండా గాలి పీల్చుకుంటూ డీజిల్ ఇంజన్లు నడుపుతుందట. అల వచ్చి గొట్టం మూతపడితే ఇంజన్లు లోపలి మనుషుల గాలినే మింగుతాయట. చెవులు దిబ్బడ వేస్తాయట. తక్షణం ఇంజన్ ఆపాలి. "భయపడెతందుకు తీరిక ఉండదు సుగుణా. గాలి మీద కన్నుండాలె, అంతే" అన్నాడు.

ఉద్యోగ విరమణ చేసి సుబేదారిలో స్థిరపడ్డాక ఒక పెద్ద దవాఖానలో జనరేటర్లు చూసే పనికి కుదిరాడు. కిటికీలు మూయనిచ్చేవాడు కాదు. నావలో పచ్చికూరలు నాలుగు రోజులకే అయిపోయేవట. అందుకేనేమో, మార్కెట్ నుంచి తెచ్చిన తోటకూర కట్టను చేతిలో పట్టుకుని కాసేపు చూస్తూ ఉండేవాడు. తొందర ఆయనకు గిట్టదు. "ఉరికెటోడు ముందుగాల తప్పు చేస్తడు" అనేది ఆయన తరచూ అనే మాట. ఈ స్వభావం ఎంత విలువైనదో, దానికి ఎంత మూల్యం చెల్లించాలో నేను ఒక వేసవిలో కళ్ళారా చూశాను.

ఆ రోజు బావ నన్ను చూడడానికి పరకాల వచ్చాడు. హోటల్లో చాయ తాగుతుంటే పక్క పల్లె మనిషి సైకిల్ మీద ఆయాసపడుతూ వచ్చి, "బాయిల దిగినోళ్ళు లేస్తలేరు!" అని కేకపెట్టాడు. దొరికిన జీపులో అందరం వెళ్ళాం. లోతైన వ్యవసాయ బావి. ఎండాకాలం నీళ్ళు అడుగంటితే, ఆయిల్ ఇంజన్‌ను లోపలి గట్టు మీదికి దించి నడిపారు. అది నడిచి నడిచి ఆగిపోయింది. ఎందుకాగిందో చూడడానికి కొమురయ్య అనే యువకుడు దిగి అక్కడే కూలిపోయాడు. అతణ్ణి తేవడానికి అతని బావమరిది మల్లేశం దిగి తానూ పడిపోయాడు. మేము చేరేసరికి కొమురయ్య వాళ్ళన్న సమ్మయ్య మెట్ల మీద కాలు పెట్టాడు.

బావ వెనక నుంచి అతణ్ణి రెండు చేతులా వాటేసుకున్నాడు.

"ఇడిసిపెట్టు! నా తమ్ముడు చస్తాండు!"

"అది ఇంజన్ పొగ. కండ్లకు కనవడది. నువ్వు దిగితే ముగ్గురైతరు."

సమ్మయ్య తన్నాడు, చేయి కొరికాడు. వాళ్ళమ్మ రాజమ్మ బావ చొక్కా పట్టుకుని గుంజింది. ఆయన సమ్మయ్యను నేల మీద పడేసి, మీద కూర్చుని, అక్కడి నుంచే చెప్పవలసినవన్నీ చెప్పాడు. పక్క చేనులో బండ కొట్టడానికి వచ్చిన కంప్రెషర్ ట్రాక్టరును తెప్పించాడు. దాని పొగ బావిలో పడకుండా గాలివాటు చూసి నిలబెట్టించాడు. పొడవాటి గొట్టాన్ని అడుగుదాకా దింపి గాలి కొట్టించాడు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని దిగుతానని ఒకడు ముందుకొస్తే, "దీనికి గుడ్డ అడ్డం కాదు" అని వెనక్కి పంపాడు. ఆ గాలి చాలునని నమ్మకం కుదిరాక సమ్మయ్యను నలుగురికి అప్పగించి, నడుముకు తాడు కట్టించుకుని తానే ముందు దిగాడు. ఒకరి తర్వాత ఒకరిని తాడుకు కట్టి పైకి పంపాడు.

మల్లేశం బతికాడు. కొమురయ్య బతకలేదు.

ఊరు ఆ సాయంత్రం బావకు దండం పెట్టలేదు. "నా పెద్దకొడుకును పట్టుకొని నా చిన్నకొడుకును సంపినవ్" అని రాజమ్మ మట్టి ఎత్తిపోసింది. ఆయన చొక్కా దులుపుకుని పక్కకు జరిగాడు. అంత్యక్రియలు ముగిసేదాకా దూరంగా నిలబడ్డాడు. తిరుగు దారిలో నాకు కోపం ఆగక, "నువ్వు సముదాయించి చెప్పాల్సింది బావా" అన్నాను.

"ఏం చెప్పాలె ప్రభాకర్? ఆమెకింకో కొడుకు మిగిలిండని చెప్పాల్నా? గది ఇయ్యాల చెప్పే మాట కాదు. తిట్టనియ్."

కొరికిన చోట చేయి వాచి ఉంది. కొంతదూరం పోయాక, "కంప్రెషర్ జర ముందు దొరికితే ఇద్దరూ దక్కేటోళ్ళు" అన్నాడు. ఆ మాటను ఆ తర్వాతి సంవత్సరాలలో ఎన్నోసార్లు అన్నాడు. అన్న ప్రతిసారీ అదే మొదటిసారి అన్నట్టు అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి ఎండాకాలం సెలవు పెట్టి పరకాల చుట్టుపక్కల పల్లెలు తిరిగాడు. అక్కడివాళ్ళు ఆయనను 'నావ సారు' అనేవాళ్ళు. ఇంజన్‌ను బావిలోకి దించక తప్పని చోట, పొగ గొట్టాన్ని పొడిగించి బావి పై గట్టు దాటించేవాడు. నడుస్తుండగా ఎవరూ దిగవద్దనీ, ఆగాక కూడా గాలి కొట్టకుండా దిగవద్దనీ పదేపదే చెప్పేవాడు. సుబేదారి ఇంటికి వచ్చి అడిగేవాళ్ళకూ అక్క వింటుండగా అవే మాటలు చెప్పేవాడు. కొమురయ్య వాళ్ళ ఊరికి మాత్రం వెళ్ళలేదు.

కొన్నేళ్ళకు సమ్మయ్యే సుబేదారికి వచ్చాడు. లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడి, "సారూ, మా అమ్మ నిన్ను తీసుకరమ్మన్నది" అన్నాడు. బావ మారుమాట లేకుండా చొక్కా వేసుకున్నాడు. పరకాలలో నన్నూ వెంటబెట్టుకున్నాడు. రాజమ్మ అరుగు మీద మనవణ్ణి ఆడిస్తోంది, సమ్మయ్య కొడుకును. మమ్మల్ని కూర్చోబెట్టి, జొన్నరొట్టె, కోడికూర వడ్డించింది. ఇంకో రొట్టె వేస్తూ, "ఆనాడు నిన్ను పాడు మాటలన్న, బిడ్డా" అంది.

"గా ముచ్చట పక్కకు పెట్టమ్మా. కూర జర ఎయ్యి."

ఆమె వేసింది. ఏడుస్తూనే వేసింది. ఆయన కంచం ఊడ్చినట్టు తిన్నాడు. అంత తృప్తిగా ఆయన భోజనం చేయడం నేను మళ్ళీ చూడలేదు.

బావను సమాధి చేసిన రోజు సమ్మయ్య, మల్లేశం ఇద్దరూ వచ్చారు. పాస్టరు గారి ప్రార్థన ముగిశాక నలుగురితో పాటు వాళ్ళూ మట్టి వేశారు. నౌకాదళంలో ఆయన చేసిన సేవ ఎంత ఘనమో చెప్పగల అర్హత నాకు లేదు. అది ఆయనతోనే పోయింది. ఆయన స్థానాన్ని భర్తీ చేసే మనిషి మా కుటుంబంలో లేడు, ఆ పల్లెల్లోనూ లేడు.

మొన్న నేను అక్క దగ్గర ఉండగా ఎవరో రైతు కొత్త ఇంజన్ కొన్నానంటూ వచ్చాడు. విషయం తెలియని మనిషి. "నావ సారు ఉన్నడా అమ్మా?" అన్నాడు. నేను లేచి చెప్పబోయాను. అక్క చేత్తో ఆపి, తానే గేటు దాకా వెళ్ళింది.

"సారు లేడయ్యా, పోయిండు."

అతను తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని వెనుదిరిగాడు. అక్క పిలిచింది.

"జర ఆగు. ఇంజన్ బాయిల దించుతవా?"

"దించాలె అమ్మా, నీళ్ళు లోతుకు పోయినయ్."

"అయితే కూసో. ఎట్ల పెట్టాల్నో నేను చెప్త."