ఫోనుకు పెట్టిన పసుపు

మా ఆయన చేపల వేటకు వెళ్ళి తిరిగి రాని రోజున ఫోను ఇంట్లోనే ఉంది. ఛార్జింగు అయిపోయిందని గోడ దగ్గర తగిలించి వెళ్ళాడు. అందుకే అది మిగిలింది. ఆయన మిగల్లేదు.

నాకు సంతకం తప్ప చదువు లేదు. ఆ ఫోనును గూట్లో ఆయన పటం పక్కన నిలబెట్టాను. సముద్రం మీద బతికేవాళ్ళం, పడవకూ తెడ్డుకూ వలకూ పసుపు కుంకుమ పెడతాం కదా. ఆయన చేతిలో తిరిగిన వస్తువు, ఇదీ అంతే అనుకున్నాను. శుక్రవారం శుక్రవారం తడి పసుపు రాసి బొట్టు పెట్టేదాన్ని. నా నొసట ఇక లేని బొట్టు, దానికైనా ఉండనీ అని.

ఒడ్డుకు వస్తూ ఆయన నాకు చేసిన ఫోన్లన్నీ అందులో రికార్డయి ఉన్నాయి. ఏ బొమ్మ నొక్కితే పలుకుతుందో నాకు తెలుసు. ఒకనాడు నొక్కితే గొంతు రాలేదు. ఎన్నిసార్లు నొక్కినా మూగే. పటం ఎలాగూ మాట్లాడదు. ఇక ఆ గొంతూ పోతే నాకేం మిగిలినట్టు?

మర్నాడు చేపల గంపతో నరసన్నపేట వెళ్ళినప్పుడు దాన్ని కొంగున కట్టుకుని వెళ్ళాను. నా దగ్గర ఎప్పుడూ చేపలు కొనే ఒకావిడకు అక్కడ ఫోన్ల షాపుంది.

"ఏటత్తా, మొకం అలాగున్నాది? సేపలు కుళ్ళిపోనాయేటి?" అంది నవ్వుతూ.

"సేపల గోల తరవాత. దీనికి నోరు పడిపోనాది తల్లీ. మీ మావ గొంతు ఇందులోనే ఉన్నాది."

ఆవిడ నవ్వు ఆపేసింది. స్పీకరు పోయినా, కంప్యూటరులోకి ఎక్కిస్తే వినొచ్చంది. తీగ కలిపింది. ఛార్జింగు ఎక్కుతోంది గానీ, కంప్యూటరు మాత్రం ఫోనును గుర్తించలేదు.

"డ్రైవర్ ప్రాబ్లమత్తా."

ఫోను చెప్పేది కంప్యూటరుకు అర్థమయ్యేలా చేసే ప్రోగ్రామట అది. పాతది తీసి కొత్తది వేసింది. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టింది. తీగ మార్చింది. నేను గంప పక్కన కూర్చుని ఆవిడ ముఖమే చూస్తున్నాను, ఆస్పత్రిలో డాక్టరమ్మ ముఖం చూసినట్టు.

చివరికి ఫోను తిప్పి, తీగ గుచ్చే బెజ్జంలోకి లైటు వేసింది.

"ఇదేటత్తా, పచ్చగున్నాది? పసుపేటి?"

"శుక్రోరం శుక్రోరం పెడతన్నాను."

"ఫోనుకా! తడి పసుపా!" అని నవ్వబోయి, నా నొసలు చూసి ఊరుకుంది.

నిలబెట్టిన ఫోను మీంచి పసుపునీళ్ళు కారి, అడుగునున్న ఆ బెజ్జంలోనూ స్పీకరు కన్నాల్లోనూ గడ్డకట్టాయి. ఆయన గొంతు పూడ్చింది నా చేతులే.

ఆవిడ సన్న బ్రష్షుతో, పుల్లతో మెల్లగా గీకింది. పచ్చటి పొడి కాగితం మీద రాలింది. మళ్ళీ తీగ పెట్టి, డ్రైవరు ఇంకోసారి వేసి, ఫోను మీద ఏదో అడిగితే సరేనని నొక్కింది. కంప్యూటరు టింగుమంది.

"ఒచ్చినాదత్తా!"

ముందు గాలి హోరు, ఇంజను చప్పుడు. వాటి వెనక ఆయన.

"ఒసే, ఒచ్చేస్తన్నాం. సందువ సేపలు పడ్డాయి. పెద్ద గంప తెస్తన్నావా?"

"తెస్తన్నాను మావా," అన్నాను.

నేను అన్నాక కంప్యూటరులోంచి నా గొంతే వచ్చింది. "తెస్తన్నాను మావా. ఏటైనా తిన్నావా?"

"ఏటి తింటానే, నువ్వొండితే గదా!" అని ఆయన నవ్వాడు. షాపావిడ ముఖం పక్కకు తిప్పుకుంది.

అన్నీ కంప్యూటరులో దాచి, ఒక మెమరీ కార్డులోకి కూడా ఎక్కించి ఇచ్చింది. "ఇంక పసుపెట్టకత్తా, మళ్ళీ మూగబోతాది," అంది. తల ఊపాను.

ఈ శుక్రవారం పటానికి పసుపు రాశాను. ఫోను దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. వేలికి మిగిలిన పసుపు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చివరికి పెద్ద గంప అంచుకు రాశాను.