మేజోళ్లు విప్పని అంకుల్

నేను సింగపూర్‌లోని సెంగ్‌కాంగ్‌లో డయాలసిస్ నర్సుని. మా అమ్మ ఇరవై ఏళ్లు నోరు కట్టుకుని షుగర్‌ని అదుపులో పెట్టింది. అందుకే నోరు కట్టుకోలేని రోగుల్ని చూస్తే నాకు ఒళ్లు మండేది.

షుగర్‌తో కిడ్నీలు పాడై, పక్కనున్న ఆంగ్ మో కియో నుంచి వచ్చే రాజమండ్రి అంకుల్ ఒకరోజు తూకంలో నాలుగు కిలోలు ఎక్కువ చూపించారు, అంతా ఒంట్లో చేరిన నీరే.

"మళ్లీ హాకర్ సెంటర్ బళ్ల దగ్గర కాఫీలేనా అంకుల్? మా అమ్మకి లేని నాలుక మీకే ఉందా?" అన్నాను, అందరూ వింటుండగా. ఆయన తల దించుకున్నారు.

ఆ తర్వాత ఏమడిగినా "అంతా ఓకే అమ్మా" అనేవారు. షుగర్ పుండ్లేమైనా ఉన్నాయేమో పాదాలు చూస్తాను, మేజోళ్లు విప్పమంటే ఏసీ చలి అనేవారు. నా మాట పనిచేసిందనుకుని, అడగడం కూడా మానేశాను.

మూడు నెలలకి జ్వరంతో వణుకుతూ వచ్చారు. అనుమానం వచ్చి మేజోడు లాగితే బొటనవేలు నల్లబడి ఉంది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు అంకుల్?"

"చెప్తే మళ్లీ మీ అమ్మగారి సంగతి ఎత్తుతావని, తల్లీ."

మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

ఇప్పుడు చక్రాల కుర్చీలో వస్తున్నారు. నేను దగ్గరికి రాగానే, అడక్కుండానే వంగి, మిగిలిన మేజోడు విప్పి చూపిస్తారు. నేను కోరుకున్న క్రమశిక్షణ అదే.