పత్తికి గాలి తగలొద్దట

బాపు ఈ రోజు కూడా నా గది కిటికీ తెరవనివ్వలేదు. నా దగ్గుకు పత్తి దుమ్మే కారణమని, మూటలు తీసేసి కిటికీ తెరవమని డాక్టరు నిన్న చెప్పాడు. కానీ బాపు పత్తి వ్యాపారి, మూటలుండేది నా గదిలోనే.

“గాలి తగుల్తే పత్తికి చెమ్మ పడ్తది బిడ్డా. నువ్వే జర వంటింట్ల పండుకో,” అన్నాడు.

“అక్కడ కట్టెల పొయ్యి పొగుంటది కదా బాపూ?”

“దుమ్ము నువ్వు బడి నుంచే తెస్తున్నవ్. ఇంకోసారి దగ్గినవంటే బడి బంద్!”

అలా నాకు దుమ్ము నుంచి పొగకు ప్రమోషన్ వచ్చింది. వెంటిలేషన్ పాఠంలో ఫుల్ మార్కులు నాకు, గది మాత్రం పత్తికి. మీ ఇంట్లోనైనా మనుషులకు గది ఇస్తారా?

బాపు వంటింటి తలుపు కొడుతున్నాడు. “దగ్గినవా బిడ్డా?”

ఇది రాస్తున్న కాగితాలు పరుపు కింద దాచేస్తున్నాను. నవ్వానని చెబుతాను.