ముమ్మిడివరంలో నా ‘య’

మా సంఘపెద్ద నన్ను ఒక్కసారీ మాస్టారని పిలవలేదు. ‘పెట్టె వాయించే తాత’ అంటాడు. రాజోలు పక్క మా చర్చిలో కాళ్ళతో తొక్కే ఆర్గాను వాయిస్తూ, పిల్లలకు నేర్పుతూనే ముసలివాణ్ణయ్యాను. కీబోర్డు కొన్నాక పాఠాలు ఆపించాడు. “నీ దగ్గర నేర్చుకుని అన్నం తిన్నవాడు ఒక్కడున్నాడా తాతా?” అని అందరి ముందూ అడిగాడు. ఆ మాట ఇన్నేళ్ళూ గొంతులో ముల్లులా ఉంది. ఇప్పుడు ఆర్గాను అమ్మేస్తామంటున్నారు. ముమ్మిడివరంలో ఒకావిడ అలాంటి ఆర్గాను మీదే బతుకుతోందని మొన్న ఒక పెళ్ళిలో విన్నాను. శనివారం పొద్దున్నే రాజోల్లో బస్సెక్కాను. అమలాపురంలో దిగి బస్సు మారాలి.

కండక్టరు కుర్రాడు ఎక్కడికని అడిగాడు. ముమ్మిడివరం, ఆర్గాను కోసం అన్నాను.

“కిడ్నీయా అండి తాతగారూ? పెద్దాసుపత్రులు అమలాపురంలోనే ఉన్నాయండి.”

“వాయించే ఆర్గాను బాబూ. నా కిడ్నీలు నీకంటే బాగున్నాయి.”

“ఆయ్,” అని టిక్కెట్టు కొట్టాడు.

అమలాపురంలో పెసరట్టు తిని రెండో బస్సెక్కాను. ముమ్మిడివరం దగ్గర పడేసరికి రోడ్డుకి అటూ ఇటూ రొయ్యల చెరువులే. బస్సు దిగి, దారి అడిగి చర్చి వైపు నడిచాను. చర్చి ఇంకా కనబడలేదు, ఆర్గాను వినబడింది. తిత్తులు గాలి పీల్చే చప్పుడు నాకు తెలియదా, నడక దానంతటదే జోరందుకుంది.

లోపల నేను పెళ్ళిలో విన్న ఆవిడే, సుగుణ టీచరు, పిల్లలకు పాఠం చెబుతోంది. వేళ్ళతో నొక్కే ఆర్గాను మెట్ల మీద నల్లరంగుతో అక్షరాలు. స, రి, గ, య, ప. నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి.

“అమ్మా, నాలుగో మెట్టు మీద ‘య’ ఏమిటి?”

“పాడ్డం ‘మ’ అనేనండి, రాయడం మాత్రం ‘య’. మా గురువుగారు దావీదు గారు అలాగే రాయించేరండి. ఆయనకి వాళ్ళ గురువుగారు రాయించేరంట. ఏదో రహస్యం ఉంటుందండి అందులో.”

“రహస్యం లేదు, గాడిదగుడ్డూ లేదు. అప్పట్లో నాకు రాయడంలో ‘మ’కీ ‘య’కీ తేడా తెలీదు. దావీదుకి నేర్పింది నేనే.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. లేచి, స్టూలు కొంగుతో తుడిచింది.

“కూర్చోండి మాస్టారూ.”

వాయించాను. మోకాళ్ళు నొప్పన్న సంగతే గుర్తు లేదు. పిల్లలు కీర్తన సాగదీయబోతే ఆర్గానుతో ముందుకు లాక్కుపోయాను. సుగుణ బళ్ళో సంగీతం టీచరు, ఆదివారం చర్చిలో వాయిస్తుంది, సాయంత్రాలు ఇంటి దగ్గర పాఠాలు. “ఈ మెట్ల మీదే మా ఇల్లు నడుస్తుందండి. చెల్లి నర్సింగు కూడా దీని మీదే అయిందండి,” అంది.

తిరుగు బస్సులో కూర్చున్నానన్న మాటేగాని మనసు మెట్ల మీదే ఉంది. నా పేరు ఆ ఊళ్ళో ఎవరికీ తెలీదు. నా తప్పు మాత్రం నన్ను గుర్తుపెట్టుకుని, నాకంటే ముందే అక్కడికి చేరి, అన్నం పెడుతోంది. వెళ్ళాలనుకునేవాళ్ళు శనివారం పొద్దున వెళ్ళండి, పాఠం అప్పుడే. ఆదివారం ఆరాధనలో ఎవరినీ మెట్ల దగ్గరికి రానివ్వరు. రానూపోనూ రెండొందలు చాలు.

సంఘపెద్దగారూ, అన్నం తిన్నవాడు ఒక్కడున్నాడా అన్నారు. దావీదున్నాడు, సుగుణుంది, ఆమె చెల్లెలుంది. ఆర్గాను అమ్ముతారా, పాఠాలకు తలుపు తీస్తారా? ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం ఆరాధన ముగిసేలోగా, అప్పుడు అడిగినట్టే అందరి ముందూ, నాకు జవాబు చెప్పాలి. చెప్పేటప్పుడు మాస్టారూ అని పిలిచి చెప్పండి.