బొంగరం నడక

బొంగరం వీపును ఎరిగినంతమంది ఆమె మొహాన్ని ఎరగరు. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు, ఆమె పని అలాంటిది. వీడియో గేములో తెర మీద కనిపించే మనిషి ఎలా నడవాలో, ఎలా పరుగెత్తాలో, దెబ్బ తగిలితే ఎలా పడాలో కంప్యూటరుకి దానంతటదే తెలియదు. ఎవరో ఒకరు ఒంటికి అతుక్కుపోయే నల్ల దుస్తులు వేసుకుని, కీలుకీలుకీ మెరిసే చిన్న బంతులు అతికించుకుని, ఖాళీ హాల్లో పడి లేవాలి. గోడలకున్న కెమెరాలు ఆ బంతుల్ని కనిపెడుతూ ఉంటాయి. ఆ తరవాత మొహం ఎవరిదైనా పెట్టుకోవచ్చుగానీ, కదలిక మాత్రం పడి లేచిన మనిషిదే. చిన్నప్పుడు ఒకచోట కాలు నిలిచేది కాదని అక్క ఆమెకు బొంగరం అని పేరు పెట్టింది. జిమ్నాస్టిక్స్ నేర్పిన మాస్టారు ఆ పేరు విని, ఇంతకన్నా సరైన పేరు లేదని అదే ఖాయం చేశాడు.

ఆమె పడి లేచిన ఆట బాగా పేరు తెచ్చుకుంది. కథ పెద్దదేమీ కాదు. ఎక్కడో ఒక చందమామ. మనుషులు గనులు తవ్వుకుని, అవసరం తీరాక యంత్రాల్ని అక్కడే వదిలేసి పోయారు. వాటికి పిచ్చెక్కింది. వాటిని బాగుచేయడానికి దిగిన ఒక ఆడమనిషి, వచ్చిన వ్యోమనౌక పాడై అక్కడ ఇరుక్కుపోతుంది. ఆడేవాళ్ళు ఆమెను నడిపిస్తూ, తుపాకీతో దారి చేసుకుంటూ బయటపడేయాలి. అయితే ఆమె కళ్ళలోంచి చూడరు. ఆమె వెనక, కుడి భుజం పక్క నుంచి చూస్తారు. ఆట మొదలైంది మొదలు ముగిసేదాకా ఆ వీపే వాళ్ళకు తోడు.

ఆ ఆట గొప్పతనం గురించి బొంగరం కొత్తగా తెలుసుకోవలసింది ఏమీ లేదు. ఆమె ఉండేది అక్కాబావల ఇంట్లో. బావ లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, కాపురం మాత్రం లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తులో. పని నుంచి రాగానే చెప్పులు ఒక మూల, సంచి ఒక మూల పారేసి ఆట ముందు కూర్చునేవాడు. ఇక అక్కడినుంచి చెవిలో జోరీగే. తుపాకీ ఎడాపెడా పేలిస్తే వేడెక్కి మొరాయిస్తుంది కాబట్టి ఆచితూచి కాల్చాలట. యంత్రాలు కీ ఇచ్చిన బొమ్మల్లా ఊరికే మీదికి రావట, బుద్ధి ఉన్నట్టు వస్తాయట. "కాలు ఊడగొట్టావనుకో, పాకుతూ వస్తుంది. కన్ను పగలగొడితే నీ అడుగుల చప్పుడు విని వస్తుంది. తయారుచేసినవాళ్ళకి దండం పెట్టాలి బొంగరం" అనేవాడు. తయారుచేసినవాళ్ళలో తనూ ఉందిగా, పెట్టమని ఆమె అనేది. "నీకెందుకు? నీకన్నా నీ వీపే నయం, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది" అని బావ, ఆ మాటకు వంటింట్లోంచి అక్క నవ్వూ.

ఆ ఆట గురించి రాసినవాళ్ళు కూడా రకరకాలుగా మెచ్చుకున్నారు. ఒకరికి ఆ దుమ్ము నేల నచ్చింది, ఇంకొకరికి మాటల్లేని ఆ నిశ్శబ్దం నచ్చింది. ఒక్క విషయంలో మాత్రం అందరూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట రాశారు. మిగతా ఆటల్లో హీరోలకు పది గుండ్లు తగిలినా దులుపుకుని పరుగెడతారు. ఇక్కడ ఆ ఆడమనిషికి దెబ్బ తగిలితే ఎడమకాలు ఈడుస్తుంది. మందు వేసేదాకా ఈడుస్తూనే ఉంటుంది. లేచేటప్పుడు ముందు చెయ్యి నేలకు ఆన్చి, ఒక్క క్షణం ఆగి, కుడికాలి మీద బరువంతా వేసి లేస్తుంది. ఆ ఒక్క క్షణం చూస్తే ఆడేవాడికి ప్రాణం ఉసూరుమంటుందని, అక్కడే ఆట మిగతావాటికన్నా మెట్టు పైన నిలిచిందని రాశారు. బావకూ అదే ప్రాణం. కావాలని దెబ్బ తినిపించి మరీ చూసేవాడు.

ఆ క్షణం ఎలా పుట్టిందో చెప్పాలి. కొండచరియ మీదినుంచి దూకి, దొర్లి, మోకాలి మీద లేచే కదలిక తీస్తున్న రోజది. బొంగరానికి అది మంచినీళ్ళు తాగినంత తేలిక. కానీ ఆరోజు కింద పరిచిన పరుపు కాస్త పక్కకి జరిగి ఉంది, ఆమె చూసుకోలేదు. ఎడమ తుంటి సరాసరి నేలకు కొట్టుకుంది. కళ్ళు బైర్లు కమ్మాయి. చెయ్యి ఆన్చి, ఊపిరి అందక ఒక్క క్షణం ఆగి, ఎలాగో కుడికాలి మీద లేచి, ఎడమకాలు ఈడుస్తూ నాలుగడుగులు వేసింది. వేరే ఏ పనిలోనైనా మనిషి పడి కుంటుతూ లేస్తే ఎవరో ఒకరు కుర్చీ తెస్తారు. ఇక్కడ చప్పట్లు కొట్టారు.

డైరెక్టరు కుర్చీలోంచి లేచి వచ్చేశాడు. కావాలనే చేశావా అని అడిగాడు. అతని మొహం అలా వెలిగిపోవడం ఆమె అంతకుముందు చూడలేదు. అన్నాళ్ళూ ఆమె ఒక ఒళ్ళు మాత్రమే, చెప్పినట్టు పడి చెప్పినట్టు లేచే ఒళ్ళు. ఆ రోజు మొట్టమొదటిసారి ఆమెను నటి అనుకున్నాడు ఒక మనిషి. బొంగరం కావాలనే చేశానంది. ఆ మాటే ఆమె కొంప ముంచింది. తప్పు ఆమెదేనని తీర్పు చెప్పేవాళ్ళు ఉంటారు, చెప్పుకోనివ్వండి. అంత మెచ్చుకోలు ఎదురుగా వచ్చి నిలబడితే, నొప్పిగా ఉందండీ అని దాన్ని వెనక్కి పంపేసే ధైర్యం ఎంతమందికి ఉంటుందో నాకు తెలియదు.

ఆ తరవాత కథే మారిపోయింది. గాయపడ్డ నడక, గాయపడ్డ పరుగు, గాయంతో మెట్లెక్కడం, గాయంతో గోడ దూకడం, అన్నీ కొత్తగా తీయాలన్నారు. బొంగరం పళ్ళ బిగువున అన్నీ చేసింది. నొప్పి మాత్ర వేసుకుని వెళ్ళేది. అందులో నటించవలసింది ఏమీ లేకపోయింది. పైగా మాత్ర బాగా పనిచేసిన రోజున నడక తేలిపోతోందని, నిన్నటంత బరువు లేదని డైరెక్టరు పెదవి విరిచేవాడు. మర్నాటినుంచి మాత్ర కూడా మానేసింది. ఇంత పిచ్చిపని ఈ భూమ్మీద ఇంకెవరూ చేసి ఉండరు.

ఆట బయటికి వచ్చేనాటికి ఆమెకు మూడంతస్తుల మెట్లు మూడు కొండలయ్యాయి. ఒక్కో మలుపులో ఫోను చూసుకుంటున్నట్టు నిలబడేది. అక్క కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది, ఊళ్ళోవాళ్ళ చూపులన్నీ సరిచేస్తుంది, ఇంట్లో చెల్లెలి నడక మాత్రం ఆమె కంటపడలేదు అనుకుంటే పొరపాటే. ఏమిటే ఆ నడక అని అడిగింది. ఆటకోసం నేర్చుకున్నది ఇంకా వదల్లేదని బొంగరం నవ్వేసింది. అక్క నమ్మింది. లోకమంతా మెచ్చుకున్న నటన మరి, నమ్మక ఏం చేస్తుంది?

చివరికి ఎవరికీ చెప్పకుండా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఎక్స్‌రే తీయించి, దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి చూశాడు. తుంటి కీలులో బంతిలాంటి ఎముక ఉంటుందని, ఆ దెబ్బకి దానికి నెత్తురు అందడం ఆగిపోయిందని, ఇప్పుడది లోపల్లోపలే నలిగి పొడి అవుతోందని చెప్పాడు. ఆపరేషన్ చేసి కీలు మార్చాలి. మార్చాక నడవవచ్చు, కూర్చోవచ్చు, మెట్లెక్కవచ్చు. దూకడం, దొర్లడం, పడటం మాత్రం ఈ జన్మకి లేవు. వెంటనే వచ్చి ఉంటే వేరేగా ఉండేదని ఆయన అనబోయి, ఆమె మొహం చూసి మాట మింగేశాడు. కానీ ఆమెకు వినపడింది.

పడటం, లేవడం తప్ప ఆమెకు ఇంకో పని రాదు. ఊహ తెలిసినప్పటినుంచి ఆమె అదే. ఆ రాని పనులన్నీ ఇప్పుడు నేర్చుకోమంటే, కాళ్ళూ చేతులూ ఉండి కూడా పుట్టి మునిగినట్టే ఉంది.

సరిగ్గా అప్పుడే రెండో భాగానికి పిలుపు వచ్చింది. బొంగరం బాగా ఆలోచించుకుంది. పడటాలూ దొర్లడాలూ ఇంకెవరికైనా అప్పగించి, ఆ ఈడ్చే నడక ఒక్కటి తనకు ఉంచమని అడగాలి. ఆ నడకే కదా ఆటకు ప్రాణం, దాన్ని తనకన్నా బాగా ఎవరు నడుస్తారు? అద్దం ముందు నిలబడి ఆ మాటలు వల్లెవేసుకుని మరీ వెళ్ళింది. ఆ మెట్లు దిగుతున్నంతసేపూ ఆమె మనసు కాస్త తేటపడింది కూడా.

డైరెక్టరు ఆప్యాయంగా ఎదురొచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు, తన పని తప్ప లోకం పట్టనివాడు, అంతే. బొంగరం నోరు తెరిచేలోపే కొత్త కథ చెప్పేశాడు. ఆ ఆడమనిషిని ఎవరో కాపాడతారు, ఆమెకు కొత్త కాలు పెడతారు, లోహపు కాలు. ఇక గాయమూ లేదు, కుంటడమూ లేదు. మొదటి భాగంలో అందరినీ ఏడిపించాం, ఈసారి ఆ నడక చూసి అందరికీ గుండె నిండాలి అన్నాడు. ముందు ఒక మామూలు నడక పట్టుకుందాం, దానిమీదే మిగతావన్నీ కడదాం అన్నాడు. తనకు ఉంచమని అడగడానికి ఇక ఆ నడకే లేదు.

నల్ల దుస్తులు వేసి, బంతులు అతికించారు. ఈ గోడనుంచి ఆ గోడదాకా నడవాలి, అంతే. ఆమె పొట్ట బిగించి, భుజాలు సవరించుకుని, తనకు తెలిసిన ఉపాయాలన్నీ వాడి నడిచింది. పక్కన పెద్ద తెర మీద బూడిదరంగు బొమ్మ ఆమెతోపాటే నడిచింది, ఎడమకాలు ఈడుస్తూ. కంప్యూటర్ల దగ్గరున్నవాళ్ళు నవ్వారు. పాత్ర ఇంకా ఒంట్లోంచి దిగలేదని ఎవరో అన్నారు. డైరెక్టరు కూడా నవ్వి, మళ్ళీ నడవమన్నాడు. మళ్ళీ నడిచింది. ఈసారి ఇంకా బిగబట్టింది, ఇంకా ఎక్కువ కుంటింది.

"నటన పక్కన పెట్టమ్మా. నువ్వు ఇంట్లో ఎలా నడుస్తావో అలా నడువు, చాలు" అన్నాడు డైరెక్టరు.

బొంగరం హాలు మధ్యలో ఆగిపోయింది.

"ఇంట్లో ఇలాగే నడుస్తున్నానండీ."

నవ్వులు ఒకటొకటిగా ఆగాయి. డైరెక్టరు తెరవంక చూశాడు, ఆమెవంక చూశాడు. ఎప్పటినుంచి అని అడిగాడు.

"మీరు చప్పట్లు కొట్టినప్పటినుంచి" అంది బొంగరం.

ఆమె కసితో అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. డైరెక్టరు అక్కడే నేలమీద కూలబడ్డాడు. ఎందుకు చెప్పలేదని అడిగాడు. మరి ఇక్కడే కూర్చుని ఇంతమందిమి చూస్తూ ఎందుకు కనిపెట్టలేకపోయామని అతను తనను తాను ప్రశ్నించుకున్నాడో లేదో తెలియదు. రెండో భాగంలో ఆమె పేరు అందరికన్నా ముందు వేయిస్తానన్నాడు. ఒంటినుంచి బంతులు ఊడదీస్తున్న అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ ఊడదీసింది. రేపటికి ఇంకొకరిని పిలవాలి కదా అని వెనక ఎవరో లోగొంతుతో మాట్లాడుకుంటున్నారు. వాళ్ళనూ తప్పుపట్టలేం, పని ఆగదు.

ఇంటికి వచ్చి, మెట్ల మలుపులో ఈసారి ఫోను తీయకుండా కూర్చుని కూర్చుని ఎక్కింది. అక్కాబావా ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే మొత్తం చెప్పేసింది. అక్క ముందు నోటికొచ్చినట్టు తిట్టింది. తిట్టి తిట్టి, అదే ఊపులో ఏడ్చేసింది. బావ ఆట మధ్యలో ఉన్నాడు. తెర మీద ఆ ఆడమనిషి ఒక్కో అడుగూ ఈడుస్తోంది. ఆ కాలు చూడటానికి తను కావాలని ఎన్నిసార్లు దెబ్బ తినిపించాడో అప్పుడు గుర్తొచ్చిందేమో, అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆట కట్టేయబోయాడు.

"ఆపకు బావా. దానికి మందు వెయ్యి" అంది బొంగరం.

బావ మందు వేశాడు. తెర మీది ఆడమనిషి నిటారుగా నిలబడింది. అలవాటుగా అతని వేలు తుపాకీ మీదికి పోయింది. తుపాకీ వద్దని, ఊరికే నడిపించమని చెప్పి బొంగరం నేలమీద చేరగిలబడింది. గాయాలు లేని నడకలన్నీ మొదటి వారంలో తీశారు, ఆమె పడకముందు.

ఆడమనిషి దుమ్ము నేలమీద నడిచింది. వెనకనుంచి భుజాలు వదులుగా ఊగుతున్నాయి, రెండు కాళ్ళమీదా బరువు సమంగా పడుతోంది, మడమ నేలకు ఆనీ ఆనకముందే లేస్తోంది. తను అలా నడిచేదని బొంగరానికి అప్పటిదాకా తెలియదు. నడిచేవాళ్ళెవరూ తమ నడక చూసుకోరు. బాగానే నడిచేదాన్నే అనిపించింది ఆమెకు, ఆ అనిపించడంతో ఏడుపు పొంగుకొచ్చింది. అక్క పక్కన కూర్చుని ఆమె తలను ఒళ్ళోకి లాక్కుంది.

కొంతసేపటికి తెర మీద నడక ఆగింది. ఇంకా నడిపించమంది బొంగరం. ముందు దారి లేదని, ఆట అక్కడిదాకానేనని బావ మెల్లగా చెప్పాడు.

"అయితే వెనక్కి తిప్పు" అంది.

బావ ఆమెను వెనక్కి తిప్పి, వచ్చిన దారినే మళ్ళీ నడిపించాడు.