సుగుణమ్మగారు ఆగని రోజు

ఎండాకాలం మధ్యాహ్నాల్లో పిన్ని కిటికీకి కట్టిన వట్టివేళ్ళ తడిక మీద నీళ్ళు చల్లుతుంది. ఆ వాసన తగలగానే చేతిలో పుస్తకం చేతిలోనే ఉండిపోతుంది. కాలేజీలో ఆడపిల్లలు కూర్చునే గదికీ ఇలాంటి తడికే ఉండేది. ఆ ఏడు ఇంటర్‌లో చేరిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. పాఠం చెప్పేవారు వచ్చేదాకా ఆ గదిలో కాచుకుని, వారి వెనకాలే తరగతిలోకి నడవాలి. అయ్యాక వారి వెనకాలే తిరిగి రావాలి. ఎవరూ కాగితం మీద పెట్టలేదు గానీ, అదే పద్ధతి.

కొత్తవాళ్ళకు మొదటి మూడు వారాలూ కాలేజీ తీరుతెన్నులు నేర్పే తరగతి ఉండేది. ఇంగ్లీషు పాఠం వింటూ నోట్సు రాసుకోవడం, లైబ్రరీలో పుస్తకం వెతుక్కోవడం, అలాంటివి. చెప్పేది ట్యూటరు సుగుణమ్మగారు. గుడివాడ వైపు క్రైస్తవుల ఇంటి ఆవిడ. తెల్లచీర, గట్టిగా బిగించిన ముడి, నవ్వని ముఖం. ఆవిడ వెనక తల వంచుకుని నడిచే నాకు మగపిల్లలు 'కొంగు' అని పేరు పెట్టారు. అయినా రోజు మొత్తం మీద నాకు తోడు అనిపించింది ఆ నాలుగడుగుల నడకే. ఆవిడతో ఏం మాట్లాడాలో రాత్రి డైరీలో రాసుకునేదాన్ని. పొద్దున ఒక్క మాటా పెగిలేది కాదు.

మూడో వారంలో ఒకరోజు ఆవిడ మా గుమ్మం ముందు ఆగకుండా వెళ్ళిపోయారు. తడిక వెనక నిలబడి, తరగతిలో ఆవిడ హాజరు పిలవడం విన్నాను. నా పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి ముందుకు పోయారు. మర్నాడూ అంతే. మంగళగిరిలో బట్టల వ్యాపారం చేసే నాన్న నన్ను పంపుతూ ఒకటే అన్నారు, కాలేజీ నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా పెట్టె సర్దుకుని వచ్చెయ్యమని. హాజరు లేకపోతే ఇంటికి ఉత్తరం తప్పదు.

ఆ సాయంత్రం వరండాలో ఎదురుపడి, నా మీద కోపమొచ్చిందా అండీ అని అడిగాను.

"కోపమెందుకమ్మా? ఈ వారం దాటితే నేను నీకు పాఠం చెప్పను. తర్వాత వచ్చే లెక్కల మేష్టారు ఈ గది వంక చూడను కూడా చూడరు. నేనిక్కడ చదువుకునే రోజుల్లో ఆయన మర్చిపోయిన రోజు మాకు సెలవే."

"ఒక్కదాన్నే ఎలా వెళ్ళనండీ?"

"నాకూ తెలీదు. నేనెప్పుడూ వెళ్ళలేదు."

ఆ జవాబుకి రాత్రంతా ఏడుపొచ్చింది. ఊరికే ధైర్యం చెప్పి ఉంటే, ఆవిడకేం తెలుసని కోపం తెచ్చుకుని ఇంటికి పోయేదాన్నేమో. మర్నాడు గంట కొట్టగానే, ఆవిడ రాకముందే గుమ్మం దాటాను. తరగతిలో అడుగుపెట్టగానే మగపిల్లలు బూట్లు నేలకేసి రుద్దారు. వెనక బెంచీ నుంచి ఎవరో, "కొంగు ముందొచ్చిందిరా, చీర వెనకాల వస్తోంది" అన్నాడు. గది గొల్లుమంది. నా బెంచీ ఎంత దూరమో అప్పుడు తెలిసింది. ఆవిడ వచ్చి హాజరు పిలిచారు. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ పిలిచారు. ఈసారి గట్టిగా పలికాను. ఆవిడ తల ఎత్తలేదు, తర్వాతి పేరు చదివారు.

వారం తిరక్కుండానే ఆవిడ తరగతి అయిపోయింది. రెండేళ్ళూ ఆ బెంచీ మీద ఒంటరిగానే కూర్చుని పరీక్షలు రాశాను. ఇప్పుడు ఊళ్ళో గ్రంథాలయానికి వెళ్తే, మగవాళ్ళు నిండిన బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంటాను. గుండె దడ పోలేదు, దాన్ని వెంటబెట్టుకునే వెళ్తాను. ఆ రోజు ఆవిడ ఒక్కసారి నా వంక చూసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ చూసి ఉంటే, మర్నాడు ఆ చూపు కోసమే వెళ్ళేదాన్ని.