కాలిన వైరు వాసన

ఆ రోజు గురజాల దాటాక కారులో వైరు కాలిన వాసన వచ్చింది. బండి ఆపి బానెట్ ఎత్తాను. ఏమీ లేదు. పక్క సీట్లోంచి మా బావమరిది రత్నం దిగొచ్చి ముక్కు ఎగబీల్చాడు. "నాకేం వాసన రావట్లా బావా," అన్నాడు.

నేను చిలకలూరిపేటలో ఒక పత్తి జిన్నింగు మిల్లు షావుకారు దగ్గర జీతానికి కారు ర్యాలీలు నడిపేవాణ్ణి. షావుకారుకు పందెం కప్పుల పిచ్చి, నాకు అదే కూడు. పందేలకు మద్రాసు, బెంగుళూరు పోయేవాళ్లం. ప్రాక్టీసు మాత్రం మాచర్ల రోడ్డు మీద. రత్నం గడియారం, నోటుబుక్కు పట్టుకుని మైలురాళ్లు చదివేవాడు. ప్రతి రాయికీ నేను "ఊఁ" అనాలి. అది మా పద్ధతి.

వాసన మళ్లీ మళ్లీ వచ్చింది. వైరింగంతా రెండుసార్లు మార్పించాను. "బండికేం రోగం లేదన్నా, నీకే ఉంది," అని మెకానిక్ మస్తాన్ నవ్వితే నేనూ నవ్వాను. కానీ వాసన వచ్చినప్పుడల్లా కొన్ని మైళ్లు నాకు గుర్తుండేవి కావు. రెంటచింతల ఇంకా రాలేదనుకుంటే అప్పటికే దాటిపోయి ఉండేది. మరి ఆ మైళ్లు ఎవరు నడిపారు? తలుచుకుంటే పట్టపగలే ఒళ్లు జలదరించేది. రత్నాన్ని అడిగితే, "నువ్వే నడిపావు, ఇంకెవరు?" అని మొహం అటు తిప్పుకునేవాడు.

ఒక ఆదివారం చర్చిలో పాట మధ్యలో అదే వాసన. అక్కడ ఇంజనూ లేదు, వైరూ లేదు. తెలివొచ్చేసరికి పాట అయిపోయింది. నా భార్య మార్తమ్మ నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుని ఉంది.

"లేని స్టీరింగు తిప్పుతా ఉన్నావు. పిలిస్తే పలకలా. ఏందయ్యా ఇది?" అంది.

గుంటూరు డాక్టరు మద్రాసు పంపారు. అక్కడ తలకు తీగలు అంటించి ఈఈజీ తీశారు.

"ఎపిలెప్సీ. మెదడులో కణత వైపు భాగం, టెంపోరల్ లోబ్‌లో ఉంది. ఆ వాసన పుట్టేది అక్కడే," అన్నారు పెద్ద డాక్టరు.

"మూర్ఛంటే కిందపడి కొట్టుకోవాలి గదండీ?"

"అందరూ పడరు. నీకు వచ్చినప్పుడు చూసినవాళ్లెవరు?"

నాకు తోడొచ్చిన రత్నం నోటుబుక్కు తీశాడు. కొన్ని మైలురాళ్ల పక్కన సున్నాలు చుట్టి ఉన్నాయి. అవి నేను ఊఁ కొట్టని రాళ్లు. ఏడాది నుంచీ రాసుకుంటున్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఆ మాట ముందే చెప్పి ఏడవచ్చు గదరా!"

"చెబితే నీ ఉద్యోగం పోద్ది బావా. అందుకే పక్కనుంచి నేనే స్టీరింగు తిప్పేవాణ్ణి." నోటుబుక్కులో ఇంకో పేజీ తిప్పాడు. "అన్నిసార్లూ కాదు. కొన్ని మలుపుల్లో నేను చెయ్యి వెయ్యకముందే నీ చేతులే తిప్పినయ్. చానా బాగా తిప్పినయ్. నీ మొహం చూస్తే మాత్రం అందులో నువ్వు లేవు."

ఫినోబార్బిటోన్ మాత్రలు ఇచ్చారు. స్టీరింగు ముట్టొద్దన్నారు. మూడు నెలలు వాసన రాలేదు. తగ్గిందిలెమ్మని మాత్రలు మానేసి, ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్ణే కారు తీశాను.

తెలివొచ్చేసరికి పత్తి చేలో ఉన్నాను. ఇంజను ఆపి ఉంది. హ్యాండ్ బ్రేకు వేసి ఉంది. తాళంచెవి నా జేబులోనే ఉంది. కూలి ఆడవాళ్లు దూరంగా నిలబడి చూస్తున్నారు. చక్రాల జాడ గట్టున చెట్టుకు కట్టిన చంటిబిడ్డ ఉయ్యాలను ఒరుసుకుంటూ వచ్చి ఉంది.

"ఆపు ఆపని అరిచాం," అంది బిడ్డను చంకనేసుకున్న తల్లి. "మా వంక చూసి నవ్వావు."

ఇంటికొచ్చి ఏడ్చాను. తాళాలు షావుకారుకు ఇచ్చేశాను.

ఇప్పుడు మాత్రలు పూట తప్పకుండా వేసుకుంటున్నాను. రెండేళ్లుగా వాసన లేదు. షావుకారు కారు రత్నం నడుపుతాడు, పక్కన నేను మైలురాళ్లు చదువుతాను. నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి మాట ఆగి, చూపు నిలిచిపోతే, ఎంతసేపో, ఏం చేశారో రాసి పెట్టండి. రాసింది దాచుకోకుండా ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి.

రత్నం ఒక్కోసారి పరధ్యానంలో ఊఁ అనడం ఆలస్యం చేస్తాడు. నా చెయ్యి దానంతటదే స్టీరింగు వైపు లేస్తుంది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని ఆపి, ఆ రాయినే మళ్లీ గట్టిగా చదువుతాను.